మెట్టు, డోలీ, ర్యాంపు: మన ప్రభుత్వ భవనాల ప్రవేశ చరిత్ర

భవనాల చరిత్ర రాసేవారి దృష్టి సాధారణంగా పైకి పోతుంది. గోపురం, గుమ్మటం, కమాను, స్తంభశీర్షం వారిని ఆకర్షించినంతగా కాళ్ళ కింది మెట్టు ఆకర్షించదు. కట్టించిన ప్రభువు పేరు శాసనంలో దొరుకుతుంది. ఆ మెట్టు ఎక్కలేక కిందనే ఆగిపోయినవారి పేరు ఏ శాసనంలోనూ దొరకదు. అయినా ఒక భవనాన్ని ఎవరిని మనసులో ఉంచుకొని కట్టారో తెలుసుకోవాలంటే దాని ముందున్న మెట్లను లెక్కించడం మంచి మార్గమని నా అభిప్రాయం. ఒక కార్యాలయం ముందు ఒక్కొక్కటి 15 సెంటీమీటర్ల ఎత్తున మూడు మెట్లు ఉన్నాయనుకుందాం. నడవగలిగినవాడు వాటిని చూడనైనా చూడడు. చక్రాల కుర్చీలో వచ్చినవారికి ఆ 45 సెంటీమీటర్లూ కోటగోడతో సమానం.

ఈ చిక్కుకు మన దేశంలో చిరకాలంగా ఉన్న పరిష్కారం ఒక్కటే: మోసేవారు. ఇంట్లో కొడుకు, ఊళ్ళో పొరుగువాడు, కార్యాలయంలో బంట్రోతు, కొండమీద డోలీవాడు. మోయడంలో దయ ఉంది, బంధుత్వం ఉంది, కొన్నిచోట్ల కూలి కూడా ఉంది. లేనిది ఒక్కటే. మోయబడేవారు తమ ఇష్టం వచ్చినప్పుడు వచ్చి, ఇష్టం వచ్చినప్పుడు వెళ్ళే స్వేచ్ఛ. మోత నుంచి స్వయంప్రవేశానికి మన ప్రభుత్వ భవనాలు ఎంతవరకు ప్రయాణించాయన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

వాలుబాట అంటే పడమటి దేశాల నుంచి నిన్నమొన్న దిగుమతి అయిన ఆలోచన అని మన కార్యాలయాల్లో ఒక భ్రమ ఉంది. ఇది నిజం కాదు. జయపురంలో సవాయి ప్రతాప్ సింగ్ 1799లో కట్టించిన హవామహల్‌ను చూడండి. అయిదు అంతస్తుల ఆ భవనంలో పై అంతస్తులకు చేరడానికి మామూలు మెట్లవరుసలకు బదులు వాలుబాటలు ఉన్నాయి. అంతఃపుర స్త్రీలను పల్లకీలలో పైకి తీసుకొనిపోవడానికి వీలుగా అలా కట్టారని చెబుతారు. ఉత్తరాదిన కొండకోటల ద్వారాలకు పోయే దారులు కూడా ఏనుగు, గుర్రం నడవడానికి అనువైన వాలులోనే ఉన్నాయి. అంటే వాలు ఎంత ఉండాలి, ఎక్కడ మలుపు ఉండాలి, ఎక్కడ విశ్రాంతికి చదునుపట్టు ఉండాలి అన్న జ్ఞానం మన స్థపతులకు, మేస్త్రీలకు తెలియనిది కాదు. ఆ జ్ఞానం ఏనుగుకు, పల్లకీకి, ఫిరంగికి ఉపయోగపడింది. కుంటివానికి ఉపయోగపడాలన్న ఊహ రాలేదు. లోపించింది శిల్పశాస్త్రం కాదు, లబ్ధిదారుల జాబితా.

దేవాలయాల విషయం కొంత వేరు. ఎత్తుకు ఎక్కడమే అక్కడ తపస్సు. తిరుమలకు పోయే కాలినడక దారిలో మెట్లు మూడున్నర వేలకు పైమాటే. ఎక్కలేనివారికి డోలీలు ఉండేవి. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచిన తరువాతనే చక్రానికి ఆ కొండమీద ప్రవేశం దొరికింది. ఆ రోడ్డు వేసినవారి ఉద్దేశం వికలాంగుల సౌకర్యం కాకపోవచ్చు. కానీ వృద్ధులు, రోగులు, కాళ్ళు లేనివారు ఒక మనిషి భుజం మీద కాక ఒక వాహనంలో కూర్చొని స్వామి దర్శనానికి పోగలగడం సామాన్యమైన మార్పు కాదు. అందరికోసం వేసిన రోడ్డు కొందరికి విముక్తి అయింది. ఈ సూత్రం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ఇక విశాఖ మన్యంలో నేటికీ రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను డోలీ కట్టి మోసుకొని వస్తున్న వార్తలు తెలుగు పత్రికల పాఠకులకు కొత్త కాదు. డోలీ మనకు ఇంకా గతచరిత్ర కాలేదు.

ఇక్కడ మాటల గురించి ఒక మాట. కౌటిల్యుని అర్థశాస్త్రంలో పరుషవాక్కుకు దండనలు చెప్పిన అధ్యాయం ఒకటి ఉంది. అంగవైకల్యం ఉన్నవానిని ఆ వైకల్యం పేరుతో పిలిచి నొప్పించినవానికి జరిమానా. అంతటితో ఆగలేదు కౌటిల్యుడు. కన్ను లేనివానిని చక్కని కన్నులవాడా అని ఎత్తిపొడుపుగా పొగిడినా జరిమానాయే. నిందను, స్తుతి వేషం వేసుకొన్న నిందను రెండింటినీ పట్టుకొన్న ఆ సూక్ష్మదృష్టికి నమస్కరించాలి. మన కాలంలో ‘అవిటివారు’ పోయి ‘వికలాంగులు’ వచ్చింది, తరువాత ‘విభిన్న ప్రతిభావంతులు’, ‘దివ్యాంగులు’ వచ్చాయి. ఈ చివరి మాటకు వికలాంగుల సంఘాలలోనే కొన్ని అభ్యంతరం తెలిపాయి. నేను ఈ వ్యాసంలో, 1995 నాటి చట్టానికి తెలుగులో స్థిరపడిన ‘వికలాంగులు’ అన్న మాటనే వాడుతున్నాను. పేరు మారినంత త్వరగా గుమ్మం మారలేదన్నది మాత్రం అందరూ ఒప్పుకొంటారు.

ఆధునిక కాలంలో వికలాంగుల పని, శిక్షణ గురించి ప్రభుత్వాలు ఆలోచించేటట్లు చేసినవాటిలో యుద్ధం ముఖ్యమైనది. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడి తిరిగివచ్చిన భారతీయ సైనికులకు వృత్తివిద్య నేర్పడానికి 1917లో బొంబాయిలో క్వీన్ మేరీ సాంకేతిక పాఠశాల ఏర్పడింది. తరువాత అది పుణె సమీపంలోని ఖడ్కీకి మారింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1943లో, చూపు కోల్పోయిన సైనికులకోసం డెహ్రాడూన్‌లో ఒక శిక్షణ కేంద్రం నెలకొన్నది. దానిని నడిపిన సర్ క్లూథా మెకంజీ తానే గలిపోలి యుద్ధంలో చూపు కోల్పోయిన న్యూజిలాండ్ దేశస్థుడు. మరుసటి సంవత్సరం పుణెలో కృత్రిమ అవయవాల కేంద్రం వచ్చింది. ఇవన్నీ గొప్ప సంస్థలే. అయితే వీటన్నింటి వెనుక ఉన్న భావన ఒక్కటే: మనిషిని సరిచేసి, ఉన్న లోకంలోకి తిరిగి పంపించడం. కాలు పోయినవానికి కొయ్యకాలు ఇవ్వాలి, వాడు మెట్లు ఎక్కడం నేర్చుకోవాలి. మెట్టును సరిచేయవచ్చునన్న ఊహ ఇంకా పుట్టలేదు.

ఆ ఊహకు మన గడ్డమీద తొలి రూపాలలో ఒకటి రాయవేలూరులో కనిపిస్తుందని నేను భావిస్తాను. చిత్తూరు జిల్లా ప్రజలకు ఆ ఊరి క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి సొంత ఊరి ఆసుపత్రి వంటిది. కొచ్చిన్ ప్రాంతంలో పుట్టి, ఆ కళాశాలలోనే చదివి, శస్త్రవైద్యురాలు కావాలనుకొన్న మేరీ వర్గీస్ 1954 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడుము కింది భాగంలో చలనం కోల్పోయారు. ఆ రోజులలో అటువంటి రోగి బ్రతికి బయటపడడమే అరుదు. బ్రతికినా మంచానికే అంకితం. శస్త్రవైద్యమంటే గంటల తరబడి నిలబడి చేసే పని గనుక ఆ జీవితం ముగిసిపోయిందని ఎవరైనా అనుకొంటారు.

ఆమె గురువులలో ఒకరైన పాల్ బ్రాండ్ కుష్ఠువ్యాధి వల్ల వంకరపోయిన చేతివేళ్ళను శస్త్రచికిత్సతో సరిచేసే విధానంలో లోకప్రసిద్ధుడు. చేతి శస్త్రచికిత్సను కూర్చొనే చేయవచ్చు. ఈ ఒక్క సంగతి మేరీ వర్గీస్ జీవితాన్ని మార్చింది. చక్రాల కుర్చీలో శస్త్రచికిత్స గదిలోకి వచ్చి ఆమె కుష్ఠురోగుల చేతులు సరిచేశారు. ఇందులో గమనించవలసినది ఆమె ధైర్యం మాత్రమే కాదు. ధైర్యాన్ని పొగిడి ఊరుకోవడం మనకు బాగా అలవాటు. ఆ ఆసుపత్రి చేసిన పని వేరు. ‘ఈమె ఈ పనికి తగునా’ అని అడగడానికి బదులు ‘ఈ పనిలో నిలబడడం నిజంగా అవసరమా’ అని అడిగింది. దాదాపు అరవై సంవత్సరాల తరువాత మన న్యాయస్థానాలు ‘సముచిత సర్దుబాటు’ అనే పేరుతో విస్తారంగా వివరించిన సూత్రం ఆ ప్రశ్నలోనే ఉంది.

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో చికిత్స పొంది, తరువాత న్యూయార్క్‌లో డాక్టర్ హోవర్డ్ రస్క్ సంస్థలో పునరావాస వైద్యం అభ్యసించి ఆమె వేలూరుకు తిరిగివచ్చారు. 1963లో ఆ శాఖకు అధిపతి అయ్యారు. 1966లో ఊరికి వెలుపల బాగాయం దగ్గర పునరావాస సంస్థ ప్రారంభమైంది. వెన్ను దెబ్బతిన్న రోగులు అక్కడ చికిత్సతోపాటు తమ ఊళ్ళకు తిరిగిపోయి బ్రతకడం నేర్చుకొనేవారు. తమకు పాఠం చెబుతున్న వైద్యురాలు కూడా చక్రాల కుర్చీలోనే ఉన్నారన్నది వారికి ఏ ఉపన్యాసమూ ఇవ్వలేని ధైర్యం ఇచ్చి ఉంటుంది. 1972లో ఆమెకు పద్మశ్రీ లభించింది. 1986లో ఆమె మరణించారు.

వేలూరు ఒక ఆసుపత్రి. ప్రభుత్వ కార్యాలయాలు మాత్రం ఆ దారి పట్టలేదు. స్వాతంత్ర్యానంతరం తాలూకా నుంచి రాజధాని వరకు మనం వేల భవనాలు కట్టుకొన్నాం. వాటి నమూనా దాదాపు ఒక్కటే. వరదనీరు, తేళ్ళు, పాములు లోపలికి రాకుండా నేలమట్టం కంటే ఎత్తుగా లేపిన అరుగు, ముందు పోర్టికో, దాని కింద అధికారి కారు, కారు దిగగానే మెట్లు. అరుగు ఎత్తుకు మంచి కారణమే ఉంది. దాని పక్కన ఒక వాలు ఉంచకపోవడానికి ఏ కారణమూ లేదు, మరచిపోవడం తప్ప. ప్రజల ప్రతినిధులలోనే వికలాంగులు లేరా అంటే ఉన్నారు. 1953లో కలకత్తా నుంచి ఉప ఎన్నికలో లోక్‌సభకు ఎన్నికైన సాధన్ గుప్తా అంధుడు, ప్రసిద్ధ న్యాయవాది. బాల్యంలో పోలియో సోకిన సూదిని జైపాల్ రెడ్డి చంకకర్రల సాయంతోనే 1969లో కల్వకుర్తి నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో అడుగుపెట్టి, తరువాత పార్లమెంటులో ఉత్తమ పార్లమెంటేరియన్‌గా గౌరవం పొందారు. 2005 నుంచి 2011 వరకు ఆయన నిర్వహించిన పట్టణాభివృద్ధి శాఖ కిందనే కేంద్ర ప్రజాపనుల విభాగం ఉండేది. దేశమంతటా కేంద్ర ప్రభుత్వ భవనాల మెట్లు కట్టే విభాగం, ఆ మెట్ల కష్టం స్వయంగా తెలిసిన మంత్రి చేతిలో ఉండడం చరిత్రలో అరుదైన సంయోగం.

చట్టాల కథ త్వరగా చెప్పుకోవచ్చు. ఐక్యరాజ్యసమితి 1981ని అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించింది. సమావేశాలు జరిగాయి. 1992లో బీజింగ్‌లో జరిగిన ఆసియా, పసిఫిక్ దేశాల సమావేశ ప్రకటనపై మన దేశం కూడా సంతకం చేసింది. ఆ బాధ్యత నెరవేర్చడానికి 1995 డిసెంబరులో పార్లమెంటు వికలాంగుల సమాన అవకాశాల, హక్కుల పరిరక్షణ, సంపూర్ణ భాగస్వామ్య చట్టాన్ని ఆమోదించింది. అది 1996 ఫిబ్రవరి 7న అమలులోకి వచ్చింది. ప్రభుత్వ భవనాలలో ర్యాంపులు, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్లు, లిఫ్టులలో బ్రెయిలీ గుర్తులు, శబ్ద సంకేతాలు, ఆసుపత్రులలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ర్యాంపులు ఏర్పాటు చేయాలని 46వ విభాగం చెప్పింది. అయితే దానికి ముందే ఒక చిన్న మాట ఉంది: ప్రభుత్వాలు ‘తమ ఆర్థిక సామర్థ్యం, అభివృద్ధి పరిమితులకు లోబడి’ ఈ పనులు చేయాలి. ఫైళ్ళతో జీవితం గడిపిన వారికి ఈ మాట బలం ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. నిధులు లేవని రాయడానికి ఒక వాక్యం చాలు. 1998లో కేంద్ర ప్రజాపనుల విభాగం అవరోధరహిత నిర్మాణాలకు కొలతలతో సహా మార్గదర్శకాలు ప్రచురించింది. అవి మంచి మార్గదర్శకాలు. చాలాచోట్ల అవి బీరువాలో ఉండిపోయాయి.

ఇంతలో 2001 జనవరిలో ఒక సంఘటన జరిగింది. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ మన దేశానికి వచ్చారు. ముంబయిలో సదస్సు ముగించుకొని ఢిల్లీ చేరి, అక్కడి చారిత్రక కట్టడాలు చూడాలనుకొన్నారు. కదలలేని మనిషి, యంత్రంతో నడిచే కుర్చీ. ఆయన రాక సందర్భంగా కుతుబ్ మీనార్, ఎర్రకోట, హుమాయూన్ సమాధి, జంతర్ మంతర్‌ల వద్ద పురావస్తు శాఖ తాత్కాలికంగా చెక్క ర్యాంపులు ఏర్పాటు చేసింది. దీని వెనుక వికలాంగ హక్కుల కార్యకర్త జావేద్ అబీదీ వంటివారి ఒత్తిడి ఉంది. ఆయన కూడా చక్రాల కుర్చీలోనే తిరిగేవారు, 1995 చట్టంకోసం పార్లమెంటు ముందు నిలిచినవారిలో ముఖ్యులు.

చరిత్ర విద్యార్థిగా ఈ సంఘటన నన్ను చాలాకాలం వెంటాడింది. జంతర్ మంతర్ సవాయి జయసింహుడు గ్రహగతులు చూడడానికి కట్టించిన వేధశాల. విశ్వరహస్యాలు వెతికే శాస్త్రజ్ఞునికి అంతకంటే తగిన చోటు ఢిల్లీలో లేదు. ఆ ద్వారం తెరవడానికి కొన్ని చెక్కపలకలు చాలాయి. అంతకుముందు ఎన్నేళ్ళుగానో పురాతన కట్టడాల స్వరూపం చెడుతుందనే కారణం చెబుతూ వచ్చాం. ఆ కారణంలో పూర్తిగా నిజం లేకపోలేదు. రాతికి మేకు కొట్టరాదు, మొఘలు కట్టడం పక్కన కాంక్రీటు పోయరాదు. కానీ చెక్క ర్యాంపు రాతిని తాకకుండా నిలుస్తుందని, అవసరం తీరాక తీసివేయవచ్చునని ఆ వారంలో రుజువైంది. లోక ప్రసిద్ధుడైన అతిథికి సాధ్యమైనది మన ఊరి పోలియో పిల్లవానికి ఎందుకు సాధ్యం కాదు అన్న ప్రశ్న అప్పటినుంచి అధికారులను వదలలేదు. తరువాతి సంవత్సరాలలో ప్రపంచ వారసత్వ కట్టడాలతో మొదలుపెట్టి పలుచోట్ల శాశ్వత ఏర్పాట్లు వచ్చాయి.

అబీదీ వంటివారి మరో విజయం భవనాలకు సంబంధించినదిగా కనిపించదు, కానీ వాటికి పునాది వంటిది. 2001 జనాభా లెక్కలలో వైకల్యం గురించిన ప్రశ్న చేర్చడం. ఆ లెక్కలో 2 కోట్ల 19 లక్షల మంది తేలారు. 2011లో 2 కోట్ల 68 లక్షలు. నిజసంఖ్య ఇంతకంటే ఎక్కువని చాలామంది వాదిస్తారు. ఎంతైనా, లెక్కలో లేనివారికోసం ఏ ఇంజనీరూ అంచనా వేయడు.

మెట్టు ఓటుకు కూడా అడ్డమేనని దేశం గుర్తించినది 2004లో. ఆ సాధారణ ఎన్నికల వేళ పోలింగు కేంద్రాల వద్ద ర్యాంపులు ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. మన పోలింగు కేంద్రాలలో చాలా భాగం పాఠశాలలే. ఓటుకోసం వచ్చిన ర్యాంపు ఆ తరువాత బడిపిల్లలకు మిగిలింది. అదే సంవత్సరం ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రం మీద బ్రెయిలీ గుర్తులను ప్రయోగాత్మకంగా పరీక్షించినది హైదరాబాదులోని ఆసిఫ్‌నగర్ శాసనసభ ఉప ఎన్నికలో. 2009 సాధారణ ఎన్నికల నాటికి అది దేశమంతటికీ విస్తరించింది. అంధుడు ఇంకొకరి చేత బొత్తాం నొక్కించుకొన్నంతకాలం రహస్య ఓటు అతనికి లేదు. అదీ ఒక రకమైన డోలీయే.

ఉద్యోగస్థలం సంగతికి వద్దాం. 1995 చట్టం ప్రభుత్వ ఉద్యోగాలలో నూటికి మూడు వికలాంగులకు కేటాయించింది. 2016 చట్టం దానిని నాలుగు చేసింది. కేటాయింపు లోపలికి రానిచ్చే తలుపు. వచ్చినవారు పనిచేయగలగడం వేరే సంగతి. 1995 చట్టంలోని 47వ విభాగం అంతగా ప్రచారం పొందలేదు గాని, నా దృష్టిలో అందులోని అత్యంత మానవీయమైన విభాగం అదే. ఉద్యోగంలో ఉండగా వైకల్యం ఏర్పడినవారిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. తగిన పోస్టు లేకపోతే అదనపు పోస్టులోనైనా ఉంచాలి. కాలు తొలగించవలసి వచ్చిన ఒక కానిస్టేబులును ఉద్యోగం నుంచి పంపివేసినప్పుడు, 2003లో కునాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విభాగాన్ని ఆధారం చేసుకొని అతని పక్షాన తీర్పు చెప్పింది. వికలాంగులైన ఉద్యోగులకు అందించవలసిన సదుపాయాల గురించి కేంద్ర సిబ్బంది శాఖ 2014 మార్చి 31న ఒక వివరమైన మెమో జారీ చేసింది. పరికరాలు, అందుబాటులో ఉన్న మరుగుదొడ్లు, పనిస్థలానికి దగ్గరగా నివాసం, శిక్షణ, బదిలీలలో వెసులుబాటు, అన్నీ అందులో ఉన్నాయి.

కార్యాలయంలో మెట్టు రాతిది మాత్రమే కాదు. అంధుడైన అధికారి తెరచదువరి సహాయంతో కంప్యూటరులోని ఏ కాగితమైనా వినగలడు, ఆ కాగితం అక్షరాలుగా ఉంటే. మనవాళ్ళు సంతకం పెట్టిన కాగితాన్ని ఫొటో తీసినట్లు స్కాన్ చేసి ఈ-ఆఫీసులో ఎక్కిస్తారు. యంత్రానికి అది బొమ్మ. కొద్దిపాటి అలవాటు మారితే తీరే ఈ చిక్కుకు నిధులు అక్కరలేదు, అంచనాలు అక్కరలేదు. వినికిడి లేని ఉద్యోగి ఉన్న సమావేశంలో అధ్యక్షుడు నోరు కనిపించేలా ఎదురుగా తిరిగి మాట్లాడడం, నిర్ణయాలు బోర్డు మీద రాయడం కూడా అలాంటివే. నూతన భవనాలలో పసుపు రంగు గాడుల పలకలు పరచడం ఇప్పుడు వాడుకలోకి వచ్చింది. సెయీచీ మియాకే అనే ఆయన కనిపెట్టి, 1967లో జపానులోని ఒకయామాలో అంధుల పాఠశాల దగ్గర మొదట పరచినవి అవి. చేతికర్రకు, పాదానికి దారి చెప్పే ఆ గాడుల మీద పూలకుండీలు పెట్టడం మన సొంత కల్పన.

2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. 2007 అక్టోబరు 1న మన దేశం దానిని ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 చట్టంలో పాత చట్టపు ‘ఆర్థిక సామర్థ్యం’ అన్న తప్పించుకొనే మాట భవనాల విషయంలో తొలగిపోయింది. నియమావళి వెలువడిన నాటినుంచి ఉన్న ప్రభుత్వ భవనాలన్నింటినీ అయిదేళ్ళలో సరిచేయాలని నిర్దేశించింది. నియమావళి వచ్చింది 2017 జూన్‌లో. 2015 డిసెంబరు 3న ప్రారంభమైన సుగమ్య భారత్ కార్యక్రమం గడువులు పలుమార్లు పొడిగించవలసి వచ్చింది. 2005లో దృష్టిలోపం ఉన్న రాజీవ్ రతూరీ దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో పదకొండు అంశాలపై ఆదేశాలు ఇచ్చింది. అమలు ఎలా ఉందో పరిశీలించి నివేదిక ఇమ్మని 2023లో హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రాన్ని కోరింది. ఆ నివేదిక పరిశీలించిన తరువాత 2024 నవంబరు 8న వెలువడిన తీర్పు మాలాంటివారు జాగ్రత్తగా చదవవలసినది. చట్టం ‘తప్పనిసరి’ అన్నదానిని నియమావళిలోని 15(1)వ నియమం మార్గదర్శకాలుగా, సిఫారసులుగా పలుచన చేసిందని, కాబట్టి ఆ నియమం చట్టవిరుద్ధమని న్యాయస్థానం తేల్చింది. తప్పనిసరిగా పాటించవలసిన కనీస ప్రమాణాలను సిఫారసుల నుంచి వేరుచేసి, మూడు నెలల్లో రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ‘చేయాలి’, ‘చేయవచ్చు’ అన్న రెండు మాటల మధ్య ఎంతమంది ఎంతకాలం బయట నిలబడ్డారో ఆ తీర్పు చదివితే తెలుస్తుంది.

ఇక కొలతల దగ్గరకు వస్తాను, ఎందుకంటే ఈ విషయంలో న్యాయమంతా కొలతలలోనే ఉంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. 1961లో అమెరికాలో వెలువడిన ప్రమాణంలో ఈ నిష్పత్తి చేరింది. మన నిబంధనలూ కనీసం ఇంత ఉండాలంటాయి. అంతకంటే నిటారుగా ఉంటే చక్రాల కుర్చీని స్వంత చేతులతో తోసుకొని ఎక్కడం కష్టం, దిగడం ప్రమాదం. మొదట చెప్పిన మూడు మెట్ల 45 సెంటీమీటర్లకు 5.4 మీటర్ల ర్యాంపు కావాలి.

ఆ మూడు మెట్లు ఊహించినవి కావు. కొన్నేళ్ళ క్రితం నేను బాధ్యత తీసుకొన్న ఒక కార్యాలయం ముందు ఉన్నవి. అక్కడ ఒక సీనియర్ అసిస్టెంటు చక్రాల కుర్చీలో వచ్చేవారు. అందరూ పదిన్నరకు వస్తే ఆమె తొమ్మిదిన్నరకే వచ్చేవారు. శ్రద్ధ అనుకొన్నాను, ఒకసారి సమావేశంలో మెచ్చుకొన్నాను కూడా. కాపలా మనిషి, ఊడ్చే మనిషి ఇద్దరూ కలిసి దొరికే సమయం అదేనని, వారిద్దరూ కుర్చీతోసహా ఆమెను ఎత్తి లోపల పెడతారని తరువాత తెలిసింది. పక్కన ర్యాంపు ఉంది కదా అమ్మా అని అడిగాను. ‘మోసేవాళ్ళు మంచివాళ్ళే సార్. కానీ రోజూ మంచివాళ్ళు దొరకాలి, అదే కష్టం. ఆ ర్యాంపు మీరొకసారి ఎక్కి చూడండి సార్’ అన్నారు. సాయంత్రం ఇంటికి వెళ్ళేవరకు ఆమె మంచినీళ్ళు తాగరన్న సంగతి చెప్పినది ఆమె కాదు, పక్క సీటులోని మరొక ఉద్యోగిని. మరుగుదొడ్డి తలుపు వెడల్పు 60 సెంటీమీటర్లు.

ర్యాంపు పొడవు టేపుతో కొలిపించాను. రెండు మీటర్లు. అది ర్యాంపు కాదు, జారుడుబల్ల. వార్షిక నివేదికలో ‘ర్యాంపు ఉన్నదా?’ అన్న గడిలో మా కార్యాలయం తరఫున ‘ఉన్నది’ అని వరుసగా పంపుతూ వచ్చారు. చివరి సంవత్సరం దాని కింద ఉన్న సంతకం నాది. ఇంజనీరును పిలిపించి సరైన వాలుతో అంచనా వేయమన్నాను. ఆయన స్థలమంతా తిరిగి చూసి, 5.4 మీటర్లు పట్టేది పోర్టికో ఎడమపక్క ఒక్కచోటేనని, మొహమాటంగా నా వైపు చూశారు. అక్కడ నా కారు నిలిపేవారు.

ఆ అంచనా మీద సంతకం చేయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులలోనూ ఫైలు మీద రాయదగిన అభ్యంతరం ఒక్కటీ దొరకలేదు. కారు వేపచెట్టు కిందికి మారింది. ర్యాంపు పూర్తయిన వారం ఆమె పదిన్నరకు వచ్చారు, అందరితోపాటు. తరువాత ఒకరోజు పదిన్నర దాటి ఇరవై నిమిషాలు ఆలస్యంగా కూడా వచ్చారు. హాజరుపట్టీలో ఆ ఆలస్యం నమోదు చేయించాను. మరుగుదొడ్డి తలుపు అంచనా మాత్రం నేను బదిలీ అయ్యేనాటికి మంజూరు కాలేదు.